నరాల జాడ తీసిన హకీమ్ రాజీ

వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రిలో రోజూ జరిగే సంగతి ఇది. ఎముక విరిగో, గుండె నొప్పితోనో, కాన్పు కోసమో వార్డులో చేరిన మనిషికి ఉన్నట్టుండి మూతి వంకర పోతుంది. లేదా చేతిలో పట్టు తప్పుతుంది, మాట ముద్దగా వస్తుంది. ఆ వార్డు డాక్టరు చీటీ రాసి నరాల విభాగానికి కబురు పంపుతాడు. అక్కడినుంచి ముందుగా ఇంకా చదువుకుంటున్న కుర్ర డాక్టరు వస్తాడు. అడిగి, చూసి, రాసుకుంటాడు. అతనికి అంతు చిక్కకపోతే అతనికన్నా పెద్ద డాక్టరు వస్తాడు. చివరకు ప్రొఫెసరుగారు శిష్యులందరినీ వెంటబెట్టుకుని మంచం దగ్గర నిలబడతారు. రోగి తాలూకు వాళ్ళు విసుక్కుంటారు. వచ్చిన ప్రతివాడూ అవే ప్రశ్నలు వేస్తున్నాడు, కళ్ళు మూయమంటాడు, నుదురు చిట్లించమంటాడు, మందు మాత్రం ఎవరూ రాయరేమని వాళ్ళ బాధ.

ఈ వరుస ఇప్పుడు పుట్టింది కాదు. పదకొండు వందల ఏళ్ళ కిందటే రయ్ నగరంలో, బగ్దాదులో ఒక హకీమ్ ఇలాగే రోగులను చూసేవారు. ఆయన పేరు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ. యూరప్ వైద్యులు ఆయన్ను రేజెస్ అని పిలుచుకున్నారు. రాజీ అంటే రయ్ ఊరివారని అర్థం. మనం రోజూ అనుకునే రాజీపడటానికీ దీనికీ చుట్టరికం లేదు. అది జ్వాద్ అక్షరంతో రాసే మాట, ఇది జే అక్షరంతో రాసేది. తఫ్సీరె కబీర్ రాసిన ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ కూడా రయ్ వారే కాబట్టి కొందరు ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. ఇమామ్ గారు మన హకీమ్ కన్నా దాదాపు మూడు శతాబ్దాలు తర్వాతివారు.

హకీమ్ రాజీ హిజ్రీ 251 షాబాన్ నెల మొదటి తేదీన, అంటే క్రీ.శ. 865లో పుట్టారని అల్ బీరూనీ లెక్క కట్టి రాశారు. రయ్ శిథిలాలు నేటి టెహ్రాన్ నగరాన్ని ఆనుకునే ఉన్నాయి. చిన్నతనంలో ఆయనకు ఊద్ వాయించడం మీద మక్కువ ఎక్కువ. తర్వాత కీమియా పిచ్చి పట్టింది. కొలిమి ముందు కూర్చుని ఘాటైన పొగలు పీల్చి కళ్ళు పాడు చేసుకున్నారనీ, ఆ కళ్ళకు మందు కోసం తిరుగుతూనే వైద్యం వైపు వచ్చారనీ బీరూనీ మాట. ఎలా వచ్చినా, తిబ్బు చదువు మొదలుపెట్టేనాటికి ఆయన వయసు ముప్పై దాటింది. మన పిల్లలు పాతికేళ్ళకే చదువు వయసు అయిపోయిందంటుంటే నాకు ఈయనే గుర్తుకొస్తారు.

కొద్ది కాలంలోనే రయ్ బీమారిస్తాన్‌కు పెద్ద అయ్యారు. బీమారిస్తాన్ అంటే ఆసుపత్రి, రోగులుండే చోటు. ఖలీఫా ముక్తఫీ కాలంలో, అంటే 902, 908 సంవత్సరాల నడుమ, బగ్దాదు ఆసుపత్రి పెద్దరికం కూడా ఆయనకు దక్కింది. ఈ సందర్భంలో అందరూ చెప్పే కథ ఒకటుంది. బగ్దాదులో ఆసుపత్రికి స్థలం ఎంచమంటే రాజీ ఊరి నలుమూలలా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఏ చోట ముక్క ఆలస్యంగా కుళ్ళిందో ఆ చోటే గాలి మంచిదని తేల్చారట. కథ ముచ్చటైనదే. కానీ కథలో చెప్పే అజుదీ ఆసుపత్రి రాజీ చనిపోయిన అర్ధశతాబ్దం తర్వాత 982 ప్రాంతంలో కట్టింది. వైద్యుల చరిత్ర రాసిన ఇబ్ను అబీ ఉసైబిఆ కూడా ఈ లెక్క కుదరదని గమనించారు.

నమ్మదగిన చిత్రం వేరే ఉంది. బగ్దాదు పుస్తక వ్యాపారి ఇబ్ను నదీమ్ 987లో ఫిహ్రిస్త్ అనే గ్రంథం పూర్తి చేశారు. రాజీని కళ్ళారా చూసిన రయ్ వృద్ధుడొకాయన చెప్పింది అందులో రాశారు. రాజీ తల పెద్దది, సంచీలా ఉండేదట. ఆయన మజ్లిస్‌లో కూర్చుంటే ఆయనకు దిగువన శిష్యులు, వారికి దిగువన శిష్యుల శిష్యులు, వారికీ దిగువన మరికొందరు వరుసలు కట్టి కూర్చునేవారు. వచ్చిన రోగి తన బాధను ముందుగా తనకు ఎదురైన వరుసకు చెప్పుకునేవాడు. వాళ్ళకు తెలిస్తే సరే. లేకపోతే పై వరుసకు వెళ్ళేవాడు. వాళ్ళకీ అందకపోతే అప్పుడు రాజీ నోరు తెరిచేవారు. మదర్సాలో చదివినవారికి ఈ కూర్పు కొత్తగా తోచదు. చిన్న తరగతి పిల్లవాడి సబఖ్ పెద్ద తరగతి విద్యార్థి వినడం, ఇద్దరికీ తేలనిది ఉస్తాద్ ముందుకు రావడం మేమంతా చూసిందే. ఆసుపత్రిలో దీనికి ఇంకో లాభం ఉంది. రోగి తన బాధను మూడుసార్లు చెప్పేసరికి, మొదటిసారి మరచిపోయింది మూడోసారి గుర్తుకొస్తుంది. కుర్రవాడు వేయని ప్రశ్న పెద్దవాడు వేస్తాడు. వేయవలసిన ప్రశ్న అదేనని కుర్రవాడు అక్కడే నిలబడి నేర్చుకుంటాడు.

ఆ వృద్ధుడే ఇంకో మాట కూడా చెప్పాడు. రాజీ బీదవారిపట్ల చాలా దయగలవారు. మందుతో సరిపెట్టక వారి ఖర్చులకు డబ్బు ఏర్పాటు చేసేవారు, దగ్గరుండి చూసుకునేవారు. ఎప్పుడు వెళ్ళినా చేతిలో కాగితాలు ఉండేవి. ఏదో ఒకటి రాస్తూనో, రాసింది శుభ్రంగా ఎత్తి రాస్తూనో కనబడేవారు.

ఇక ఆయన నరాల విద్య. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్హాఖ్ పేర రాజీ రాసిన కితాబుల్ మన్సూరీలో పది భాగాలున్నాయి. మొదటి భాగం శరీర నిర్మాణం గురించి. మెదడు నుంచి పుట్టే నరాలు ఏడు జతలనీ, వెన్నుపాము నుంచి వచ్చేవి ముప్పై ఒక్క జతలనీ చెప్పి, వరుస నంబర్లతో వాటిని వివరించారు. మెడలో ఎనిమిది, ఛాతీ వెనక పన్నెండు, నడుములో అయిదు, ఆ కింద మూడు, మరో మూడు. నేటి పుస్తకాల్లో మెదడు నరాలు పన్నెండు జతలు. వెన్ను నరాలు మాత్రం ఇప్పటికీ ముప్పై ఒక్క జతలే, కింది వాటి పంపకం కొంచెం తేడా. ఈ లెక్కకు పునాది యూనానీ వైద్యుడు జాలీనూస్ వేసిందే. కొన్ని నరాలు స్పర్శను తెస్తాయి, కొన్ని కదలికను ఇస్తాయి అన్న సంగతి కూడా అప్పటికే తెలుసు. రాజీ గొప్పతనం ఈ లెక్కను మంచం దగ్గరకు తీసుకురావడంలో ఉంది.

పొలంలో ఒక మడి ఎండిపోయిందనుకోండి. తెలివైన రైతు మడిలో బిందెలతో నీళ్ళు పోస్తూ కూర్చోడు. బోదె వెంట పైకి నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తాడు. ఆ మడి ఒక్కటే ఎండిందా, పక్క మడి కూడా ఎండిందా అన్నదాన్నిబట్టి గండి ఎంత పైన ఉందో నిలబడిన చోటునుంచే చెప్పగలడు. నరాల వైద్యుడి పని సరిగ్గా ఇదే. జాలీనూస్ రాసిపెట్టిన ఉదంతం ఒకటి అరబ్బీ వైద్యులందరికీ తెలుసు. ఒకతనికి చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలిలో సగం మొద్దుబారాయి. వైద్యులు వేళ్ళకు పట్లు వేస్తున్నారు, గుణం లేదు. జాలీనూస్ అడిగితే తేలిందేమంటే, అతను కొన్నాళ్ళ కిందట బండి మీంచి పడ్డాడు, భుజాల నడుమ వెన్నుకు దెబ్బ తగిలింది. మందు వేళ్ళకు తీసేసి వెన్నుకు మార్చగానే వేళ్ళు తేరుకున్నాయి. రాజీ తన రోగుల విషయంలో ఈ దారినే పట్టుకుని నడిచారు. ఏం జబ్బు అని అడిగే ముందు ఎక్కడ దెబ్బ అని అడగడం, ఆ చోటును బట్టి రోగి కోలుకుంటాడా లేదా చెప్పడం ఆయన పద్ధతి.

మన ఇళ్ళలో లఖ్వా అనే మాట వినని వారుండరు. పొద్దున్నే లేచి పుక్కిలిస్తే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు పోయి ఉంటుంది, ఒక కన్ను పూర్తిగా మూతపడదు. గాలి సోకిందని ఒకరు, నజర్ తగిలిందని ఒకరు. పావురం మాంసం తినిపించమని ఇంకొకరు. ఇంతలో రెండు రోజులు గడిచిపోతాయి.

రాజీ తన పెద్ద గ్రంథం అల్ హావీలో ఈ లఖ్వా మీద రాసింది చదివి నేటి నరాల వైద్యులు ఆశ్చర్యపోయారు. 2011లో న్యూరాలజీ అనే అమెరికా వైద్య పత్రికలో దీనిమీద ఒక వ్యాసమే వచ్చింది. ముఖం వంకర పోవడానికి కండరం బిగుసుకుపోయి లాగడం ఒక కారణం, కండరం సత్తువ పోయి వదులైపోవడం మరో కారణం. ఈ రెంటినీ రాజీ విడదీశారు. నుదుటి మీద ముడతలు పడకపోవడాన్ని మొట్టమొదట గమనించి రాసినవారు ఆయనే. ముఖం రెండు పక్కలా పడిపోతే వంకరే కనబడదు, అందువల్ల చాలామంది కళ్ళు కప్పుతుంది. దాన్ని కూడా మొదట రాసింది ఆయనే. అన్నిటికన్నా ముఖ్యం, గండి మెదడులో పడిందా, మెదడు దాటి బయటికి వచ్చిన నరంలో పడిందా అన్న తేడాను పట్టుకోవడం. బయటి నరం దెబ్బతిని వచ్చే ఈ జబ్బుకు ఇంగ్లీషు వైద్యంలో బెల్స్ పాల్సీ అని పేరు. ఆ బెల్ గారు 19వ శతాబ్దం మనిషి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నుదుటి కండరాలకు మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞ అందుతుంది. కాబట్టి మెదడులో ఒక పక్క నెత్తురు ఆగిపోయి పక్షవాతం వస్తే సాధారణంగా మూతి వంకర పోతుంది గాని నుదురు ముడతలు పడుతూనే ఉంటుంది. బయటి నరం దెబ్బతింటే నుదురు, కన్ను, మూతి మూడూ పోతాయి. కుర్ర డాక్టరు నుదురు చిట్లించమని అడగడం ఇందుకే. మొదటిది ఫాలిజ్. నెత్తురు గడ్డను కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. రెండోది లఖ్వా. చాలామందికి నయమవుతుంది, అయితే దాని మందు కూడా మూడు రోజుల లోపు మొదలుపెడితేనే మేలు. ఇంట్లో కూర్చుని నుదురు చూసి ఇది ఫలానాదని మనం తేల్చుకోకూడదు. అప్పుడప్పుడు మెదడు లోపలి దెబ్బ కూడా లఖ్వాలాగే కనబడుతుంది. మూతి వంకర పోగానే గంట చూసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తడమే మన పని, తేల్చే పని వారిది.

సర్సామ్ గురించి కూడా హావీలో ఒక అపురూపమైన సంగతి ఉంది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం దాని లక్షణాలు. మెదడు పొరల వాపు అంటున్నది దీన్నే. నెత్తురు తీస్తే ఈ జబ్బు తగ్గుతుందా లేదా తెలుసుకోవాలని రాజీ కొందరు రోగులకు నెత్తురు తీయించారు, మరికొందరికి కావాలనే తీయించలేదు. రెండు గుంపులనూ పోల్చి తీసినవారికే మేలు జరిగిందనుకున్నారు. నేటి వైద్యం ఆ చికిత్సను ఒప్పుకోదు. మందు పనిచేసిందని చెప్పడానికి మందు తీసుకోని వారిని కూడా చూడాలన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

దొంగ వైద్యులంటే ఆయనకు మంట. మన్సూరీలో వారి మోసాలను ఒక్కొక్కటే బయటపెట్టారు. మిర్గీ, అంటే మూర్ఛ రోగం నయం చేస్తామని కొందరు రోగి తల వెనక కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టి, అరచేతిలో ముందే దాచుకున్న వస్తువును ఆ గాయంలోంచి తీసినట్టు నటించేవారట. ముక్కులోంచి పాము తీసేవారు, పంట్లోంచి పురుగు తీసేవారు కూడా ఉన్నారు. జనం మంచి వైద్యుణ్ణి వదిలి నాసిరకం వాళ్ళ వెంట ఎందుకు పడతారు అన్న దానిమీద విడిగా పుస్తకమే రాశారు. వైద్యుడు దొరకని బీదవారి కోసం, ఇంట్లో దొరికే వస్తువులతో ఏం చేసుకోవచ్చో చెప్పే పుస్తకం మరొకటి. పంటి పురుగు తీసేవాళ్ళు మన సంతల్లో నిన్నమొన్నటిదాకా కూర్చున్నారు కాబట్టి ఈ పేజీలు పాతబడ్డాయని అనలేం.

ఫార్సీ చదివినవారికి చహార్ మఖాలాలోని కథ తెలిసే ఉంటుంది. బుఖారా అమీరు మన్సూర్ బిన్ నూహ్‌కు కీళ్ళు పట్టేసి కదలలేని స్థితి వచ్చింది. రాజీని పిలిపించారు. ఆయన ఆమూ నది దాటడానికి భయపడి పడవ ఎక్కనంటే చేతులు కట్టి ఎక్కించారట. అన్ని మందులూ అయ్యాక రాజీ అమీరును వేడి హమ్మామ్‌లో ఒంటరిగా కూర్చోబెట్టి, ఒక కషాయం తాగించి, ఉన్నట్టుండి తిట్టడం మొదలుపెట్టి కత్తి దూశారు. కోపంతో భయంతో అమీరు లేచి నిలబడ్డాడు. రాజీ బయట సిద్ధంగా ఉన్న గుర్రమెక్కి మర్వ్ దాకా ఆగలేదు. అమీరు సంతోషించి కానుకలు పంపాడని ముగింపు. ఈ అమీరు 961లో గద్దెనెక్కాడు, రాజీ అప్పటికి చనిపోయి చాలాకాలమైంది. కనుక ఇదీ కట్టుకథే. తెగిన నరం కోపంతో అతకదు. నరం బాగానే ఉండి కాళ్ళు కదలనివారూ ఉంటారనీ, అలాంటి రోగిని వేరే దారిలో లేపవచ్చనీ ఆ కాలపు వైద్యులకు తెలుసని మాత్రం ఈ కథను బట్టి ఊహించవచ్చు.

ఆయన నిజాయితీకి కట్టుకథల అవసరం లేదు. హావీలో ముప్పైకి పైగా రోగుల ఉదంతాలు రోజువారీగా రాసి ఉన్నాయి. 1935లో మాక్స్ మేయర్‌హాఫ్ అనే పండితుడు వాటిని ప్రచురించి వివరించారు. వాటిలో ఒక రోగికి విడిచి విడిచి జ్వరం వస్తుంటే అది చలిజ్వరమా, మూత్రపిండంలో చీముగడ్డా అని రాజీ ఎటూ తేల్చుకోలేకపోయారు. చివరకు మూత్రంలో చీము పడింది. నడుములో బరువుగా ఉందా అని తాను మొదటే అడిగి ఉండవలసిందని ఆయనే రాసిపెట్టారు. జాలీనూస్‌ను గురువుగా గౌరవిస్తూనే ఆయన పొరపాట్ల మీద షుకూక్ పేరుతో విడిగా గ్రంథం రాశారు. మశూచికీ తట్టుకీ తేడా చూపిన చిన్న పుస్తకం లోకమంతా తెలిసిందే, దానిగురించి ఇక్కడ విస్తరించను.

ఒక సంగతి దాచకూడదు. ధార్మిక విషయాల్లో ఆయనవిగా చెప్పే కొన్ని అభిప్రాయాలను ఉలమా గట్టిగా ఖండించారు. ఆయన గ్రంథాల పట్టిక తయారుచేసిన బీరూనీ కూడా వాటిని మెచ్చలేదు. అయినా ఆ పట్టికలో 184 పుస్తకాల పేర్లు ఓపికగా ఎక్కించారు. విద్య విషయంలో మన పూర్వులు చూపిన ఈ పెద్దమనసు నాకు చాలా ఇష్టం.

రాజీ తన జీవన విధానం గురించి రాసిన చిన్న పుస్తకంలో, ఒక పెద్ద గ్రంథం కోసం పదిహేనేళ్ళు రాత్రింబవళ్ళు పనిచేసి చూపు తగ్గిందనీ, చేతి కండరం దెబ్బతిని రాయలేకపోతున్నాననీ, ఇతరులచేత చదివించుకుని రాయించుకుంటున్నాననీ చెప్పుకున్నారు. చివరకు కళ్ళలో శుక్లాలు ముదిరి చూపు పూర్తిగా పోయింది. పుస్తకంతో తలమీద కొట్టించడం వల్ల గుడ్డివారయ్యారని, చిక్కుళ్ళు ఎక్కువ తినడం వల్ల అని రకరకాలుగా చెబుతారు, అవి పట్టించుకోనవసరం లేదు. శుక్లం తీస్తానని ఒక కంటి వైద్యుడు వచ్చాడు. కంటికి ఎన్ని పొరలు ఉన్నాయో చెప్పమని రాజీ అడిగారు. అతను చెప్పలేకపోయాడు. పొరలు తెలియనివాడు తన కంటిలో సూది పెట్టనక్కర్లేదని పంపేశారు. బీరూనీ లెక్క ప్రకారం హిజ్రీ 313 షాబాన్ 5న, క్రీ.శ. 925లో రయ్‌లోనే కన్నుమూశారు.

అల్ హావీ ఆయన చేతులమీద పుస్తకంగా తయారు కాలేదు. ఆయన పోయాక ఆ కాగితాల కట్టలు చెల్లెలో అక్కో ఆమె దగ్గర ఉండిపోయాయి. వజీరు ఇబ్నుల్ అమీద్ ఆమెకు సొమ్ము చెల్లించి వాటిని తీసుకుని, రాజీ శిష్యులను పిలిపించి వరుస చేయించారు. 1279లో సిసిలీ రాజు చార్లెస్ కోసం ఫరజ్ బిన్ సాలిమ్ అనే యూదు వైద్యుడు దాన్ని లాటిన్‌లోకి మార్చారు. 1486లో ఇటలీలో అచ్చయింది. అరబ్బీ మూలం అచ్చుకు నోచుకోవడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది, ఆ అచ్చు జరిగింది మన హైదరాబాదులో. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1955 నుంచి వరసగా ఇరవై మూడు భాగాలుగా దాన్ని వెలువరించింది. అరబ్బీ వచ్చినవారు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఆ సంస్థకు వెళ్ళి అడగవచ్చు. మొదటి భాగం తల జబ్బుల గురించి. సక్తా, ఫాలిజ్, తిమ్మిరి, వణుకు, లఖ్వా, మిర్గీ అన్నీ అందులోనే ఉన్నాయి.